ఇంకా చిన్నది వస్తదట

మొన్న మా స్టాఫ్ రూములో ఇద్దరు కొత్త లెక్చరర్లు లాప్‌టాప్ మీద పోట్లాడుకున్నారు. ఆయన ఇవ్వాళే కొనాలంటాడు. ఆమె ఆగాలంటుంది. వచ్చే ఏడు తెర ఇంకా తగ్గుతుందట, హ్యాండ్‌బ్యాగులో పట్టేస్తుందట, ఎవరో వీడియోలో చెప్పారట. "తొందరపడి కొన్నోళ్లంత ఏడుస్తరు చూడండి సార్," అంటుంది. "మీరు ఆగుకుంట ఆగుకుంట రిటైరయితరు మేడం," అంటాడు. చివరికి ఇద్దరూ నా మొహం చూశారు. మా కాలేజీలో వాదన ఎవరిదైనా తీర్పు నాది. అడగకపోయినా చెప్తానన్న పేరు కూడా ఉంది, ఆ పేరు అబద్ధమేం కాదు. ఆ రోజు మాత్రం తీర్పు పక్కన పెట్టాను. వాళ్లు తెరల కొలతలు చెప్పుకుంటుంటే నాకు బీడీలు చుట్టే తడి తునికాకు వాసన వచ్చింది.

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదికి వచ్చిన ఆ రోజుల్లో నేను కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని. మాది జగిత్యాల. రోజూ పోయి రాగలిగిన దూరమే. కానీ ఇవ్వాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఇంకేదో. పొద్దున ఎక్కిన బస్సు సాయంత్రం మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని కోరుట్లలోనే ఒక ముసలమ్మ ఇంట్లో గది కిరాయికి తీసుకుని వారమంతా ఉండేదాన్ని. ఇల్లు ముసలమ్మది. వాకిలి మాత్రం ఆమె కోడలిది. నేను చెప్పేది ఆ కోడలి గురించి.

పేరు చెప్పను. చెప్పినా ఆ వాడకట్టులో సగం మందికి తెలియదు. అందరూ "అంగుళాల కోడలు" అనే అనేవాళ్లు.

ఆమెది సిరిసిల్ల. ఇంట్లోనే మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచెలు. ఆ చప్పుడు మధ్య పెరిగినందుకేమో, ఆమె గుసగుస కూడా నాలుగిళ్లకు వినపడేది. పెళ్లై కోరుట్లకు వచ్చాక బీడీలు చేయడం నేర్చుకుంది. పెళ్లైన ఏడాదికే భర్త బహ్రెయిన్ పోయాడు, ఎలక్ట్రానిక్ సామాన్ల గోదాములో డబ్బాలు మోసే పనికి. కాంట్రాక్టు అయిపోగానే రావాల్సినవాడు "ఇంకొక్కటి చేసి వస్త" అన్నాడు. అదీ అయిపోయింది. "ఇంకొక్కటి" అన్నాడు.

మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిట్లో ఎండ గోడ ఎక్కుతూ ఉండేది. ఆమె ఆ గోడకే వీపానించి, కాళ్లు చాపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూచునేది. చాటలో ఒక పక్క కత్తిరించిన ఆకు, ఒక పక్క తంబాకు. నడుమ బిస్కెట్ డబ్బా అట్టముక్క ఒకటి. దాన్ని తాకకుండా అటొక చేయి ఇటొక చేయి తిరిగేవి. గది చూసుకోవడానికి వెళ్లిన మొదటి రోజే అడిగాను.

"నడిమిట్ల ఆ అట్ట ఏందమ్మా?"

"లాపుటాపు," అన్నది, తల ఎత్తకుండా.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"లాపుటాపంటె ఒళ్లె పెట్టుకునేదే కదక్కా? నా ఒళ్లె చాట ఉంటది. అంటె అది చాటలనే పట్టాలె. ఆయన అండ్ల కనవడి మాట్లాడుతుంటె నా చేతులు ఆగద్దు. ఆగినయంటె మా అత్త మొదలువెడుతది."

"ఇనవడుతున్నది," అని లోపలి నుంచి ముసలమ్మ.

"ఇనవడాలనే అన్న," అని ఈమె.

ఇక అంగుళాలు మొదలయ్యాయి. ఏడంగుళాలది వచ్చిందట, అందులో అక్షరాలు చీమల్లాగా ఉంటాయట, మనిషి మొహం రూపాయి బిళ్లంత కనపడుతుందట. తొమ్మిదిది వచ్చింది కానీ తొందరగా వేడెక్కుతుందట, తంబాకు పక్కన వేడి పెట్టుకుంటారా ఎవరన్నా? పదిది బాగుందట గాని చాటలో పెడితే తంబాకుకు జాగ ఉండదు. ఎనిమిదిది రావాలి. అది వస్తుంది. ఉగాదికి వస్తుంది. ఉగాది పోతే దసరాకు.

"ఎవలు చెప్పిండ్రు?" అనేదాన్ని.

"అంటున్నరు."

ఆ "అంటున్నరు" వెనకాల ఎవరున్నారో వెతికితే పెద్దగా ఎవరూ లేరు. గోదాములో డబ్బాల మీద చూసి భర్త చెప్పిన ముక్క ఒకటి, ఇంటర్నెట్ సెంటర్ ముందు కూరగాయల సంచితో నిలబడి విన్న ముక్క ఒకటి, నేను చదివి పారేసిన పేపర్లో తంబాకు ఆరబోసుకుంటూ చూసిన ప్రకటన ముక్క ఒకటి. ఈ మూడింటినీ కలిపి ఆమె వచ్చే కాలాన్ని చుట్టి దారం కట్టేది.

కొలత ఏదైనా ఆమె గాలిలో చూపించేది. "గింతుంటది," అని రెండు చేతులు ఎత్తి ఆపేది. ఆపిన చేతుల్ని దించకుండా, వాటి మధ్య ఖాళీని అట్లాగే మోసుకుంటూ వంటింటి దాకా నడిచి, తలుపు పక్క గూట్లో పెట్టి చూసేది. ఖాళీ పట్టేది. ఆమె మొహం వెలిగేది. ఎవరి మాటకైనా ఎదురు మాట నా దగ్గర సిద్ధంగా ఉంటుంది, కానీ ఎక్కడ ఒలికిపోతుందో అన్నట్టు ఆ ఖాళీని ఆమె మోసుకుపోతుంటే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేదాన్ని. నిలబడి చూసేదాన్ని.

కొన్ని మధ్యాహ్నాలు, ఎండ పలచబడి తంబాకు దుమ్ము గాలిలో బంగారం పొడిలా ఆగిన వేళ, ఆ తెర ఆమె నోట్లో అంతకంతకూ చిన్నదయ్యేది. ఎనిమిది, ఏడు, ఆరు. జానెడు, బెత్తెడు.

"ఆఖరుకు తునికాకంత వస్తదేమో అక్కా."

"అప్పుడేం చేస్తవ్?"

"సుట్టి కట్టల పెట్టేస్త. ఎవలకు తెల్వది. కార్ఖానల లెక్క వట్టేటప్పుడు ఒక బీడీ ఆయన గొంతుతోని 'అవ్వా' అని పిలుస్తది."

నవ్వేది. కత్తెర ఆగేది కాదు.

శుక్రవారం బహ్రెయిన్‌లో సెలవు. మధ్యాహ్నం దాటాక ఫోన్ వచ్చేది. ఆ సెల్లు ముసలమ్మది. స్పీకర్ పెట్టి, పీట మీద పెట్టి, తను దాని ముందు కూచునేది. కొడుకు మాట కోడలు ఒక్కతే వినడమంటే ఆమె లెక్కలో దొంగతనం. అత్త ముందు, కిరాయికున్న మేడం ముందు, గోడవతల చెవులు పెట్టుకున్న పక్కింటామె ముందు మొగుడూ పెళ్లాం ఏం మాట్లాడుకుంటారు? తిన్నవా అంటే తిన్న. పానం మంచిగుందా అంటే మంచిగుంది. అంతే. మిగిలినదంతా అంగుళాలు.

"నిన్న పదకొండు అంగుళాలది దిగింది," అన్నాడొకసారి.

"మల్ల పెద్దగైతున్నయా? చిన్నగ గావాలె గదా."

"రెండు తీర్లు వస్తున్నయి. ఒక కంపెనోళ్లు పెద్దగ చేస్తున్నరు, ఒక కంపెనోళ్లు చిన్నగ."

"బరువెంతుంది?"

"ఎత్తి చూసిన. మన ఎర్ర కోడి లేదా, గంత."

"ఆ కోడి లేదిప్పుడు. కోసినం."

"ఎప్పుడు?"

"బోనాలకు."

అతను మెల్లగా, "గంతనే ఉంది బరువు," అన్నాడు. ఆమె "ఊఁ" అన్నది. ఒక కోడి బరువు ఇంత ప్రేమగా చెప్పుకున్న మనుషుల్ని నేను అంతకు ముందూ తర్వాతా చూడలేదు.

ఆ డిసెంబర్లో ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చింది. వాడకట్టంతా రంగులు చల్లుకున్నాం. ఆ రంగు బట్టల మీద పోకముందే ప్రకటన వెనక్కి పోయింది. మర్నాడు పొద్దున ముసలమ్మ వాకిట్లో నిలబడి, ఎవరినీ చూడకుండా, ఆకాశానికి చెప్పింది:

"తెలంగాణ వస్తదంట. లాపుటాపు వస్తదంట. కొడుకు వస్తడంట. ఒక్కటన్న వస్తదా ఈ ఇంట్లకు?"

కోడలు చాట మీద నుంచి తల ఎత్తి, "వస్తయత్తా. ముందుగాల ఏది వస్తదో సూద్దాం," అన్నది.

అంతా బాగానే ఉంది కానీ, నాకొక సంగతి అర్థమయ్యేది కాదు. అతను పంపుతానంటే ఆమె వద్దనేది. సారంగాపూర్ ఆయనొకడు అదే గోదాములో పనిచేసేవాడు. ఇంటికి వస్తున్నాడని తెలిసి ఒక శుక్రవారం భర్తే అన్నాడు.

"ఆయనతోని పదంగుళాలది పంపుత. మంచిగుంది. నేను సూసిన."

"వద్దు. చాటల పట్టది. ఎనిమిదంగుళాలది వస్తదట, ఆగు."

"ఇక్కడైతె గసొంటిది కనవడలే."

"ఇక్కడ అంటున్నరు."

సారంగాపూర్ ఆయన ఉత్త చేతులతో వచ్చాడు. ఆ సాయంత్రం నేను ఉండబట్టలేకపోయాను.

"ఇగో పిల్లా, వస్తువన్నంక దాని ఎనుక ఇంకోటి వస్తనే ఉంటది. చిన్నది వస్తది, ఇంకా చిన్నది వస్తది. నువ్వు ఆగినన్ని రోజులు అవి వస్తనే ఉంటయి. ఎనుక బస్సు ఖాళీగ వస్తదని బస్టాండుల నిలవడ్డోళ్లకు సీటు దొరకది, ఆఖరుకు బస్సూ దొరకది."

"ఒక్కోసారి ఎనుక బస్సు నిజంగనే ఖాళీగ వస్తదక్కా."

"ఎన్నిసార్లు వచ్చింది?"

"ఒక్కసారొస్తె చాలు."

మాటకు మాట చెప్పే పిల్లలు నాకిష్టం. కానీ ఓడిపోవడం ఇష్టం లేదు. కళ్లతో చూస్తే కొంటుందనుకున్నాను. అందుకే ఒక శనివారం కొండగట్టు పోయొస్తామని ముసలమ్మతో చెప్పి ఆమెను తీసుకుని బయలుదేరాను. కొండగట్టుకు నిజంగానే పోయాం, అంజన్న పేరు మీద అబద్ధమెందుకని. తిరిగి వచ్చేటప్పుడు జగిత్యాలలో దింపి, గడియారం టవర్ దగ్గర కంప్యూటర్ల షాపుకు పట్టుకుపోయాను. ఆమె సంచిలో కొబ్బరి చిప్పలతో పాటు అట్టముక్క కూడా ఉంది. షాపులో బయటికి తీసేదాకా నాకు తెలియదు.

షాపతను పదంగుళాలది తీసి బల్ల మీద పెట్టి తెర లేపాడు. తెరలో ఎక్కడిదో నీలంగా ఒక సముద్రం. ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత సంచిలో నుంచి దర్జీ టేపు తీసి ఆ సముద్రం మీద అడ్డంగా పరిచింది.

"ఇది పదెక్కడిది? తొమ్మిది గూడ లేదు."

"పదేనమ్మా. గట్ల గాదు, ఈ మూల నుంచి ఆ మూలకు కొలుస్తరు. కంపెనీ లెక్క."

ఆమె టేపు పట్టుకునే నిటారుగా నిలబడింది.

"మూలకా?"

"అవునమ్మా."

"బట్టను ఎవలన్న మూలకు కొలుస్తరా? పన్న అంటె గీ అంచు నుంచి గా అంచుకు. మా సిరిసిల్లల మూలకు కొలిచి అమ్మితె సాంచె బందువెట్టిచ్చి ఇంటికి తోలుతరు."

"ఇది బట్ట కాదమ్మా."

"మోసానికి బట్టేంది, అద్దమేంది?"

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. షాపతనూ నవ్వాడు. ఆమె అట్టముక్క తీసి ఆ యంత్రం మీద బోర్లించింది. అట్ట రెండు పక్కలా బయటికి పొడుచుకు వచ్చింది. అప్పుడర్థమైంది నాకు ఆమె చేసిన పని. ఆ అట్ట ఆమె ఎనిమిదంగుళాల లెక్క, ఎనిమిదంటే తెర పన్న ఎనిమిది అనుకుంది. చీరకు అంచు వేరే ఉన్నట్టు దీనికీ అంచు వేరే ఉంటుందని అటింత ఇటింత కలిపింది. మగ్గాలింట్లో పుట్టిన పిల్ల ఇంకెట్లా కొలుస్తుంది? ఇన్ని రోజులూ చాటలో పట్టదని భయపడింది లేని వెడల్పుకు.

"అయిపాయె!" అన్నాను నేను, గెలిచినదాన్ని కాబట్టి కొంచెం గట్టిగానే. "నీ అట్ట పట్టిన చాటల ఇది పట్టదా? తంబాకుకు జాగ ఉంటది, ఆకుకూ జాగ ఉంటది. ఇగ ఏమంటవ్? నీ బీడీల పైసలు నీ దగ్గర్నే ఉన్నయి. తీసుకో."

ఆమె మొహంలో రంగు పోయింది. తెర అంచును ఒక్క వేలితో, వేడి పెనం తాకినట్టు తాకింది. అట్టముక్క సంచిలో పెట్టుకుంది.

"పోదాం పా అక్కా."

బస్టాండు దాకా నేను తిట్టుకుంటూనే నడిచాను. కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూచుంది. పొద్దు వాలుతోంది. పసుపు చేలమీద వెలుగు పచ్చగా, తేమగా, నిద్రలో చూసినట్టుంది. ఊళ్లు ఒకటొకటి వచ్చి కిటికీ మీద కాసేపు నిలబడి పోతున్నాయి. ఆమె వాటిని చూస్తూనే అన్నది.

"నీకు అర్థం గాదు మేడం."

ఎప్పుడూ అక్కా అనేది. మేడం అన్నదంటే తలుపు వేసుకున్నట్టు. చాలాసేపటికి ఆ తలుపు తనే తీసింది.

"అది కొన్నననుకో అక్కా. శుక్రవారం శుక్రవారం ఆయనకు నేను కనవడుత. కొత్త చీరె గట్టుకుంటె సూస్తడు. మా అత్తను సూస్తడు, వాకిలి సూస్తడు, ఆన పడితె ఆన సూస్తడు. కడుపు నిండుతది. కడుపు నిండినోడు ఇంటికెందుకు వస్తడు? ఇంకో కాంట్రాక్టు రాస్తడు. మల్లొకటి రాస్తడు. ఇప్పుడు ఆయనకు ఆకలున్నది. ఆ ఆకలి సూసుకొనే నేనున్న."

"మరి నాకు వద్దు అని చెప్పరాదు? ఎనిమిదని, ఏడని ఈ లెక్కలెందుకు?"

ఆమె నా వైపు తిరిగింది. నా ఎమ్మేను, నా సివిక్సును, నా నోటిని అన్నిటినీ కలిపి జాలిపడ్డట్టు చూసింది.

"వద్దంటె ఇగ శుక్రవారం ఏం మాట్లాడుకుంటమక్కా?"



ఆ తర్వాత ఎనిమిదంగుళాలది రాలేదు. రెండు సంక్రాంతులు వెళ్లాయి, ఎండలు వచ్చాయి, మళ్లీ బోనాలు వచ్చాయి. ఆమె ఆగమంటూనే ఉంది. ఆగలేనిది ముసలమ్మ. కోడలు కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి పోయినప్పుడు కొడుక్కు ఫోన్ చేయించి, "దాని మాట ఇనకు బిడ్డా. దానికి ఎన్ని అంగుళాలైనా సరిపోవు. నేను సచ్చేలోపల నీ మొకం సూడాలె, పంపు," అన్నది. ఈసారి సారంగాపూర్ ఆయన ఉత్త చేతులతో రాలేదు.

ఇంటర్నెట్ సెంటరతను వచ్చి అన్నీ తగిలించి, ఎట్లా నొక్కాలో ముసలమ్మకు రెండుసార్లు, నాకు మూడుసార్లు చెప్పాడు. శుక్రవారం వాకిలి నిండింది. ముసలమ్మ తల దువ్వుకుని, పెట్టెలో దాచిన చీర కట్టుకుని, పీట ముందు పెళ్లికూతురిలా కూచుంది. తెరలో కొడుకు మొహం కదిలింది, ఆగింది, ముక్కలైంది, మళ్లీ అతుక్కుంది.

"కొడుకా! బక్కగైనవ్ రా!"

"నువ్వే బక్కగైనవవ్వా." తర్వాత కళ్లు అటూ ఇటూ తిప్పాడు, మేమంతా ఆ చిన్న తెరలోనే మూలల్లో దాక్కున్నట్టు. "అవ్వా, నీ కోడలేది?"

కోడలు రోజూ కూచునే చోటే, గోడకానుకునే ఉంది. పీట మాత్రం ఆమెకు పక్కగా ఉంది. తెర ఆమె వైపు లేదు. ఒళ్లో చాట, చేతిలో కత్తెర.

"ఈడనే ఉన్న," అన్నది.

"కనవడుత లేవు. జర ముందటికి రా."

"పనున్నది."

"చాటల పెట్టుకుంటనంటివి గదా?"

"చాటల జాగ లేదు."

మొదటి వారం సిగ్గనుకున్నారు. రెండో వారం ముసలమ్మ తెరను కోడలి వైపు తిప్పింది. కోడలు చాటతో సహా ఇంకో గోడకు జరిగింది. ముసలమ్మ అటు తిప్పింది. ఈమె మళ్లీ జరిగింది. వాకిట్లో అత్తా కోడళ్లు అట్లా ఒక చుట్టు తిరిగారు, బహ్రెయిన్‌లో ఉన్నతనికి ఇంటి నాలుగు గోడలూ, ఆకాశం ముక్కా, నా తడి బట్టలూ అన్నీ కనపడ్డాయి, భార్య తప్ప. వాడకట్టు నవ్వింది. తర్వాత తర్వాత నవ్వలేదు.

ఆ తెరలు పక్క నుంచి చూస్తే సరిగా కనపడేవి కావు. రంగులు తిరగబడి, మనిషి చీకట్లో నిలబడ్డట్టు ఉండేవాడు. ఒకసారి ఆమె పక్కన కూచుని, ఆమె కూచునే చోటు నుంచి చూశాను. గోధుమ రంగు నీడలో ఇంకా నల్లటి నీడ కదులుతోంది. అది నవ్వుతోందో ఏడుస్తోందో తెలియదు.

"ఏం కనవడుతడే నీకు?" అన్నాను మెల్లగా.

"నల్లగ కనవడుతడు," అన్నది, కళ్లు అటే పెట్టి. "సాలు."

ఒక శుక్రవారం అతనికి కోపం వచ్చింది. తల్లి ఏదో చెప్తుంటే ఆపి, గట్టిగా అరిచినట్టు అన్నాడు.

"నన్ను సూడాలని లేదా నీకు?"

కత్తెర ఆగింది. ఆ కత్తెర ఆగడం నేను వినడం అదే మొదలు.

"నేను సూస్తనే ఉన్న," అన్నది. "నన్ను సూడాలంటె నువ్వు రా."

తెరలో అతను కదలకుండా ఉన్నాడు. నెట్ ఆగిందో, మనిషే ఆగాడో తెలియలేదు. కొంతసేపటికి తెర నల్లబడింది.

మరుసటి శుక్రవారం ఫోన్ లేదు. ఆపై శుక్రవారం కూడా లేదు. ముసలమ్మ తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. వాటిలో కొన్ని నాకూ తగిలాయి, ఊర్లు తిప్పి కోడలిని పాడుచేశానని. నేను ఊరుకునే రకం కాదు గదా, ముసలమ్మను అనాల్సినవి అని, అవి చాలక కోడలినీ అన్నాను.

"పంతాలతోని మొగుళ్లు వస్తరా? మాట గెలిచినవ్, మనిషి పోయిండు. ఇగ కూసో."

ఆమె అప్పటికే కూచునే ఉంది. చాటలో అట్ట లేదు. తంబాకు నడుమ దాకా పరుచుకుంది. నేను కాలేజీకి పోయేటప్పుడు ఎట్లా ఉందో వచ్చేటప్పుడూ అట్లాగే ఉండేది. కట్టలు కట్టి అప్పజెప్తే సగం వెనక్కి కొట్టారు, వదులుగా చుట్టిందని. అంతకు ముందు ఎప్పుడూ అట్లా జరగలేదు.

అప్పటికి పెద్ద సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు, మా కాలేజీ మూతపడ్డాయి. ఆదివారం వంటావార్పు అన్నారు. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, రోడ్డు మీదే తినడం. రోడ్డు దానంతటదే ఆగిపోతుంది. మా వాడకట్టుకు జగిత్యాల రోడ్డు పంచారు. బీడీలు చేసే ఆడవాళ్లంతా వండే గంజులు, కట్టెలు, బియ్యం మోసుకొచ్చారు. ఆమె రానంటే నేనే చేయి పట్టి లేపుకొచ్చాను. "కూసుండేదేదో రోడ్డు మీద కూసో, పుణ్యమన్న ఉంటది," అన్నాను.

మధ్యాహ్నానికి మాకు అటు లారీలు, జీపులు, కార్లు చెరువు కట్ట దాకా నిలబడ్డాయి. పొగ రోడ్డు మీద తక్కువ ఎత్తులో తేలుతోంది. ఎండ ఆ పొగలో నుంచి వచ్చేసరికి పాలు కలిపినట్టు మెత్తబడింది. జై తెలంగాణ అని ఎవరో అరుస్తారు, అందరం అంటాం, మళ్లీ పప్పు కలుపుతాం. మేము ఆపిన వాళ్లకు కూడా అన్నం పెట్టడం మా దగ్గర పద్ధతి. రోడ్డు ఆపిందీ మనమే, ఆకలి తీర్చేదీ మనమే. డ్రైవర్లు, క్లీనర్లు, పెళ్లికి పోతూ ఇరుక్కున్న వాళ్లు, అందరూ దిగి వచ్చి తారు మీద వరసగా కూచున్నారు. నేను విస్తరాకులు వేసుకుంటూ పోతున్నాను, వెనక ఇద్దరు అన్నం పెడుతున్నారు, వాళ్ల వెనక ఆమె పప్పు బకెట్టు, గంటె పట్టుకుని వంగి వడ్డిస్తూ వస్తోంది. మొహాలు చూడటం లేదు. విస్తరాకు, గంటె. విస్తరాకు, గంటె.

వరస చివర ఒకతను పెద్ద పెట్టె పక్కన పెట్టుకుని కూచున్నాడు. పెట్టెకు నైలాన్ తాడు చుట్టి ఉంది, విమానం వాళ్ల చీటీ ఇంకా ఊగుతోంది. చొక్కా చెమటకు వీపుకు అతుక్కుంది. కారు ఎక్కడో వెనక ఆగిపోతే నడిచి వచ్చినట్టున్నాడు. విస్తరాకు వేస్తూ మొహం చూశాను. తెరలో ఎదురుగా ఎన్నో శుక్రవారాలు చూసిన మొహం. అతను నన్ను చూడలేదు. వరసలో వెనక వస్తున్న గంటె వైపు చూస్తున్నాడు.

నాకు అరవాలనిపించింది. పక్కకు జరిగి నిలబడ్డాను.

గంటె అతని విస్తరాకు మీదికి వచ్చి ఆగింది. పప్పు అంచు నుంచి ఒక్కొక్క చుక్క జారి అన్నం మీద పడుతోంది. ఆమె వంగిన మనిషి వంగినట్టే ఉంది.

"సూస్తానికచ్చిన," అన్నాడతను.

ఆమె గంటె వంచింది. పప్పు పోసింది. అన్నం మధ్యలో, పొంగకుండా, సరిగ్గా పోసింది.

"ముందుగాల తిను," అన్నది. "ఎప్పుడు తిన్నవో."

"నువ్వు..."

"తిను."

అతను ముద్ద కలిపాడు. ఎవరో మళ్లీ జై తెలంగాణ అన్నారు. వరసంతా అన్నది, అతను కూడా నోటి నిండా అన్నంతో అన్నాడు. ఆమె బకెట్టు కింద పెట్టింది. గంటె నా చేతిలో పెట్టింది, నేనక్కడున్నానని చూసి కాదు, చేయి దొరికింది కాబట్టి. తర్వాత పక్కకు జరగలేదు, కొంగు మొహానికి అడ్డం పెట్టుకోలేదు. అంతమంది మధ్య, ఆ పొగలో, ఆ తారు రోడ్డు మీద అతనికి సరిగ్గా ఎదురుగా కూచుంది.